బాయి నీళ్ళు

వేసవి సెలవులిచ్చిన మర్నాడు పొద్దున్నే యామిని కారు మీది పరదా లాగేసింది. మగ్గాల కొట్టం పక్కన, రేకుల కింద, ఏడాదిగా కదలని పాత పద్మిని కారు అది. దుమ్ము లేచి ఎండలో కాసేపు అట్లాగే నిలబడి, మెల్లగా నేలకు దిగింది. కొట్టంలో గుంట మగ్గం ముందు కూర్చున్న జమ్ములమ్మ నాడె విసరడం ఆపి కూతురి వైపు చూసింది.

“పాత ఇనుప సామానోనికి ఇస్తనంటివి గద,” అంది.

“ఇయ్య. నడిపిస్త,” అంది యామిని.

మగ్గం చప్పుడు మళ్ళీ మొదలైంది గానీ మునుపటి వరుస కుదరలేదు.

యామిని వనపర్తిలో ఒక ప్రైవేటు ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్తుంది. పాఠం కంటే పని మీదే చెయ్యి ఎక్కువ ఆడుతుంది ఆమెకు. కొత్త బ్యాటరీ బిగించింది. ట్యాంకులో వాసన మారిపోయిన పెట్రోలు తీసేసి కొత్తది పోసింది. ప్లగ్గులు గీకి తుడిచింది. రేడియేటర్ మూత తిప్పి చూస్తే నీళ్ళు అడుగున ఎక్కడో ఉన్నాయి. నల్లా నీళ్ళు పట్టి, పాత చీర గుడ్డలో వడగట్టి నింపింది. తండ్రి అట్లాగే నింపేవాడు. ఇంజనుకు మనం తాగే నీళ్ళే తాపాలె అనేవాడు వెంకటయ్య. ఆ కారు డిక్కీలోనే చీరల మూటలు పెట్టుకుని వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు తిరిగాడు.

ముందు గద్వాల ఊళ్ళోనే తిప్పి చూసింది, బాగానే ఉంది. మధ్యాహ్నం బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి దాకా పోయింది. వేడి చూపించే ముల్లు సగం కూడా దాటలేదు. ఐటీఐ గేటు దగ్గర చాయ్ తాగి వెనక్కి తిప్పింది.

తిరుగు దారిలో, పెబ్బేరు ఇంకా కొంత దూరం ఉందనగా, రోడ్డు ఒక ఎర్రమట్టి గడ్డ మీదికి ఎక్కుతుంది. గడ్డ మొదట్లోనే ముల్లు కదిలింది. ఎవరో వేలితో తోస్తున్నట్టు మెల్లగా, ఆగకుండా ఎర్రగీత దాకా పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. యామిని కారు పక్కకు తీసి ఇంజను ఆపింది.

అప్పుడు చూసింది, ఎక్కడ ఆగిందో.

పోయిన వేసవిలో ఆమెను ఇక్కడికే తీసుకొచ్చారు. రోడ్డుకు ఎడమ పక్క చేను, చేను చివర చుట్టుగోడ లేని బావి, బావి మీదికి వంగిన తుమ్మకు వేలాడుతున్న గిజిగాడి గూళ్ళు. నాయిన శవాన్ని పైకి తీసిన ఆ రోజు బావి చుట్టూ జనం ఉన్నారు. ఇప్పుడు ఎవరూ లేరు. రోడ్డుకు కుడి పక్క పొలాలన్నీ పచ్చగా ఉన్నాయి. ఈ చేను మాత్రం దున్నకుండా, విత్తకుండా బీడుపడి ఉంది. బావిలో నీళ్ళు నేల అంచు దాకా నిండి, ఎండకు తళతళలాడుతున్నాయి.

రేడియేటర్ లోపల నీళ్ళు గొణుగుతున్నాయి. యామిని బానెట్ ఎత్తి, చేతికి గుడ్డ చుట్టుకుంటూ తల తిప్పింది. రోడ్డు అంచున ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నెత్తి మీద ప్లాస్టిక్ బిందె. ఆమె రావడం యామిని చూడలేదు.

“నా దగ్గర ఉన్నయమ్మా నీళ్ళు,” అంది యామిని.

ఆమె వినిపించనట్టు బిందె దించి, కారుకు కాస్త ఎడంగా నేల మీద పెట్టింది. యామిని ముఖం వంక ఒకసారి, కారు వంక ఒకసారి చూసి వెనక్కి తిరిగింది. చాలా దూరాన గుడిసె కనిపిస్తున్నది. అంత దూరం నుంచి నిండు బిందెతో రావాలంటే కారు ఆగకముందే బయల్దేరి ఉండాలి. గుడిసె ముందర ఒక మగమనిషి రోడ్డుకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. యామిని ఇంజను చల్లారేదాకా ఆగి, తన నీళ్ళే పోసుకుని, కారు తీసేదాకా అతను ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

రాత్రి అన్నం దగ్గర యామిని ఇదంతా తల్లికి చెప్పింది. కారు నిజంగానే అక్కడ వేడెక్కుతుంది, నాయిన నీళ్ళ కోసమే దిగి ఉంటాడు అంది. జమ్ములమ్మ ముద్ద కలుపుతూ విన్నది. ఆ రోజు వేడెక్కిందని ఎట్లా చెప్తావని అడిగింది. కారు మంచిగా, బానెట్ మూసి ఉంది. రేడియేటర్ల రాములు పోయి తెచ్చినప్పుడు ఒక్క తిప్పుకే స్టార్టయింది. బావి దగ్గర గానీ బండిలో గానీ నీళ్ళ డబ్బా దొరకలేదు. డబ్బా లేకుండా నీళ్ళకు ఎవరు పోతారు? ఠాణాలో కాలు జారి పడ్డాడని రాసుకున్నారు. బజారంతా మాత్రం తానే దుంకాడని అనుకున్నది. ఏడాదిగా జమ్ములమ్మ ఎవరి ఇంటికీ పోలేదు, ఎవరూ పిలవలేదు కూడా.

*

రాములుకు రాయచూరు రోడ్డు మీద రేడియేటర్ల షాపు ఉంది. వెంకటయ్యతో కలిసి చదువుకున్నవాడు. యామిని విప్పి తెచ్చిన రేడియేటర్‌ను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, వేళ్ళతో తడిమి చూశాడు. రెక్కలు సగం నలిగిపోయాయి, ట్యూబులు పూడిపోయాయి. ట్యూబులూ రెక్కలూ ఉండే ఆ పాత అచ్చు పక్కనబెట్టి ఇంకొక వరుస ట్యూబులున్న మందమైన అచ్చు వేద్దామన్నాడు. యామినికి కావలసింది కూడా అదే. ఇంజను పుల్లీకి కట్టిన రెక్కల ఫ్యాను కూడా తీసేస్తానంది. బండి మెల్లగా గడ్డ ఎక్కేటప్పుడు ఇంజను మెల్లగా తిరుగుతుంది, దానితో పాటు ఫ్యాను కూడా. పైగా ఆ గడ్డ దగ్గర గాలి వెనక నుంచి వస్తుంది. అందుకని కరెంటు ఫ్యాను పెట్టి, నీళ్ళు కాగితే దానంతట అదే తిరిగే స్విచ్చి పెడతానంది. రాములు తలూపాడు.

గ్యాసు మంట అంటించి రేడియేటర్ పై డబ్బా చుట్టూ ఉన్న టంకం కరిగించాడు. వెండి చుక్కలు ఇసుక మీద రాలి ముద్దలయ్యాయి. సుత్తి వెనకతో రెండు దెబ్బలు వేసి పై డబ్బా లేపాడు. లేపి, చెయ్యి అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు.

“ఏంది మామా?” అంది యామిని.

రాములు డబ్బాను వెలుతురుకు తిప్పాడు. లోపలి గోడకు ఎండిన నాచు తీగెలు తీగెలుగా అంటుకుని ఉంది. ట్యూబుల మూతుల దగ్గర ఇరుక్కున్నవి నత్తగుల్లలు. ఆవగింజ కంటే కొంచెం పెద్దవి, తెల్లగా పాలిపోయి. యామిని ఒకదాన్ని గోటితో తీసి అరచేతిలో పెట్టుకుంది. ఊదితే ఎగిరిపోయేట్టు ఉంది.

“ఇవి బాయి నీళ్ళు,” అన్నాడు రాములు.

నాయిన బావి నీళ్ళు ఎన్నడూ పోయలేదని యామిని అంది. ఆ సంగతి తనకూ తెలుసునన్నాడు రాములు. మంట తగ్గించి, కాసేపు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు తాను బండి తేబోయినప్పుడు మూత తిప్పి చూశాడట. గొంతు దాకా నీళ్ళున్నాయి, చల్లగా. ఠాణాలో అడిగితే అదే చెప్పాడు.

అరచేతిలో గుల్లను చూస్తూ యామిని లెక్క సరిచూసుకుంది. బండి ఆగింది. నాయిన బావికి పోయాడు. నీళ్ళు తెచ్చి పోశాడు. మూత బిగించాడు. బానెట్ మూశాడు. తర్వాత మళ్ళీ బావికి ఎందుకు పోయాడు? బజారోళ్ళ మాటే నిజమా? లేదంటే ఆ నీళ్ళు ఇంకెవరో పోశారు.

*

రాములు కొత్త అచ్చు వేసేలోగా ఆమె ఇంటి దగ్గర ఇంజను పని పట్టింది. ఇంజను దిమ్మ పక్కన నీటి అర మీద మూతలుగా ఇనుప బిళ్ళలు ఉంటాయి. ఉలి పెట్టి తట్టి, ఒక అంచు లోపలికి వంగాక పట్టకారుతో లాగింది. వెనక సిలిండర్ దగ్గరి బిళ్ళ ఊడగానే నీళ్ళు రాలేదు. ఎర్రటి చిక్కటి బురద, ముందు కదలక, తర్వాత ఒక్కసారిగా జారి ఆమె మణికట్టు దాకా పాకింది. పాత ఇంజను తుప్పు అది, ఏళ్ళ తరబడి పేరుకున్నది. తీగె వంచి లోపల గీకింది, పైపు పెట్టి నీళ్ళు కొట్టింది. సాయంత్రానికి గానీ తేటగా రాలేదు. వాకిలంతా ఎర్రగా మారింది. జమ్ములమ్మ మగ్గం దిగి ఇంట్లోకి పోవడానికి ఆ తడి తొక్కకుండా గోడ పట్టుకుని చుట్టూ తిరిగిపోయింది.

కొత్త రేడియేటర్ వచ్చింది. యామిని కొత్త బిళ్ళలు కొట్టింది, నీళ్ళ పంపు వాషర్ మార్చింది, రేకు కత్తిరించి ఫ్యాను చుట్టూ గూడు చేసింది, గాలి పక్కలకు పోకుండా. పొంగిన నీళ్ళు నేలపాలు కాకుండా సీసా కట్టింది. ధరూర్ దాకా పోయి వచ్చి, వాకిట్లో నిలిపి, తాళంచెవి తీసుకుని స్నానానికి పోయింది.

జమ్ములమ్మ నూలు కండెల గంప పట్టుకుని కారు పక్కనుంచి పోతున్నది. ఇంజను ఆగి ఉంది. లోపల ఎవరూ లేరు. ఉన్నట్టుండి కారు బుస్సుమన్నది. గంప జారి కండెలు వాకిలంతా దొర్లాయి.

యామిని తడి తలతోనే పరుగెత్తి వచ్చేసరికి తల్లి గోడకు ఆనుకుని ఉంది. కళ్ళు కారు కిటికీల మీదే ఉన్నాయి.

“లోపల ఎవరున్నరు?”

“ఎవ్వరు లేరమ్మా. ఫ్యాను. లోపలి నీళ్ళు ఇంకా కాగుతున్నయి, చల్లబడే దాక తిరుగుతది.”

ఫ్యాను కాసేపు తిరిగి తనంతట తానే ఆగింది. జమ్ములమ్మ కింద కూర్చుని కండెలు ఏరడం మొదలుపెట్టింది. యామిని పక్కన కూర్చుంది.

“నేనే అన్న ఆ పొద్దుగాల,” అంది జమ్ములమ్మ, తల ఎత్తకుండా. “ఏదో మాట మీద మాట వచ్చింది. పో, మళ్ళ ఈ ఇంటికి రాకు అన్న. ఏం అనకుండ బండెక్కి పోయిండు. గా మాట మనసుల పెట్టుకున్నడు. నాకు తెల్వదా?”

ఏడాదిగా తల్లి బజారు మాటను ఎందుకు కాదనలేదో యామినికి అప్పుడు అర్థమైంది. చెప్పడానికి ఆమె దగ్గర నత్తగుల్ల తప్ప ఏమీ లేదు. అది తల్లి భయాన్ని చెరిపేదో, నిజం చేసేదో కూడా తెలియదు.

*

మర్నాడు మళ్ళీ వనపర్తికి పోయి, మధ్యాహ్నం తిరుగు బయల్దేరింది. కిటికీలోంచి వడగాలి కొడుతున్నది. ఎర్రమట్టి గడ్డ మొదలైంది. యామిని కావాలనే బండిని మెల్లగా ఎక్కించింది. ముల్లు కొద్దిగా లేచింది. ఫ్యాను అందుకుంది. ముల్లు అక్కడే నిలిచి, మళ్ళీ కిందికి దిగింది. బండికి ఏ రోగమూ లేదు.

అయినా చేను దగ్గర ఆపింది. దిగి బానెట్ ఎత్తి, అంచు పట్టుకుని నిలబడింది.

మొన్నటి ఆడమనిషి అప్పటికే నడిచి వస్తున్నది. ఈసారి నెత్తి మీద బిందె లేదు. చేతిలో డబ్బా ఉంది. దగ్గరికి వచ్చాక యామిని దాన్ని గుర్తుపట్టింది, అది నాయినది. పసుపుపచ్చ నూనె డబ్బా అది. పట్టుకునే చోట చెయ్యి కోసుకోకుండా నూలు దగ్గరగా చుట్టి ఉంది, మగ్గం మనిషి చుట్టే చుట్టు. డబ్బా నిండుగా ఉంది, నడకకు తొణుకుతున్నది.

“బండి వేడెక్కలేదమ్మా,” అంది యామిని. “నీళ్ళు నేను అడగలే.”

“తెలుసు బిడ్డా,” అంది ఆమె. డబ్బా దించలేదు. “పొద్దుగాల బండి పోంగ చూసిన. మళ్ళొస్తదని నింపుకొని కూసున్న. మొన్న గూడ గంతే. మొన్న చెప్పనీకె నోరు రాలే.”

ఆమె పేరు అంజమ్మ. చేను వాళ్ళదే. ఆ రోడ్డు మీద ఏ బండి ఆగినా ఏడాదిగా నీళ్ళు తీసుకుపోతూనే ఉంది. చేన్ల దాకా ఎవరూ దిగి రావద్దని, రోడ్డు మీదనే ఇచ్చెయ్యాలని. నీళ్ళు ఊళ్ళో బోరువి. ఆ బావి నీళ్ళు వాళ్ళు ముట్టడం లేదు. చేను అందుకే ఎండింది.

మిగిలింది చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. పోయిన వేసవిలో ఆ పక్క బావుల మీది మోటార్లను రాగి తీగెల కోసం దొంగలు ఎత్తుకుపోతున్నారు. ఆమె భర్త కురుమూర్తి చేతిలో రాళ్ళు పెట్టుకుని గట్టు మీద కాపలా ఉండేవాడు. ఆ మునిమాపు గుడిసె ముందర గిన్నెలు తోముతుంటే ఒక పెద్దమనిషి డబ్బా పట్టుకుని వచ్చి నీళ్ళు అడిగాడు. బావిలో ముంచుకుపొమ్మని చెప్పింది. భర్త చేనుకు ఆ చివర ఉన్నాడు. కేకేసి చెప్తే సరిపోయేది, చెప్పలేదు. చీకటి పడుతున్న వేళ మోటారు పక్కన వంగిన మనిషిని చూసి కురుమూర్తి రాయి విసిరాడు. ఒక్కటే. తర్వాత నీళ్ళ చప్పుడు వినిపించింది. ఇద్దరూ ఉరికారు. ఆ చప్పుడు ఆగిపోయేదాకా గట్టు మీద నిలబడ్డారు. దిగాలంటే భయం, పిలవాలంటే భయం.

“తెల్లారగట్ల బండి కాడికి పోయినం. మూత తెరిచే ఉండె. గా నీళ్ళే తెచ్చి పోసినం, మూసినం. బండి మంచిగుంటె మనిషే దుంకిండనుకుంటరని ఆయన అనె. డబ్బా నేను దాసిన.”

యామిని బానెట్ అంచు వదల్లేదు. గుడిసె ముందర మొన్న వీపు చూపించిన మనిషి అప్పుడు ఇటు తిరిగాడు. చేను మీదుగా నడిచి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, గడ్డం నెరిసింది. రోడ్డు మీదికి ఎక్కకుండా పక్కనున్న కాలవలోనే ఆగిపోయాడు.

అంజమ్మ ఆయన వంక చూడలేదు. “చెప్పిన,” అంది.

కురుమూర్తి తల ఊపాడు. ఆ మాట కోసమే ఏడాది నుంచి అక్కడ నిలబడి ఉన్నట్టు భుజాలు కిందికి జారాయి.

గడ్డ మీద గాలి ఆగింది. గిజిగాడి గూళ్ళు బావి మీద కదలకుండా వేలాడుతున్నాయి. ఫ్యాను ఎప్పుడు ఆగిపోయిందో యామినికి తెలియలేదు. బానెట్ మూసి, చేతులు తుడుచుకుని, వెనక తలుపు తెరిచింది.

“ఎక్కుండ్రి,” అంది. “మా అమ్మకు చెప్పాలె.”

అంజమ్మ ముందు ఎక్కింది. కురుమూర్తి కాలవలోంచి పైకి వచ్చి, చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, ఆమె పక్కన కూర్చున్నాడు. గద్వాల దాకా వెనక సీట్లో డబ్బాలో నీళ్ళు తొణికే చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. బీచుపల్లి బ్రిడ్జి మీద యామిని ఒకసారి అద్దంలో చూసింది. కురుమూర్తి కళ్ళు మూసుకుని, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

*

కొట్టంలో జమ్ములమ్మ మగ్గం మీద ఉంది. కూతురి వెనక వచ్చినవాళ్ళను చీరలకు వచ్చారనుకుని చాప చూపించింది. వాళ్ళు కూర్చోలేదు. అంజమ్మ డబ్బా గడప దగ్గర దించింది. జమ్ములమ్మ దాన్ని చూసింది. గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకోవడానికి ఆమెకు యామిని చెయ్యి పట్టాల్సి వచ్చింది.

అంజమ్మ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. రాయి దగ్గరికి వచ్చేసరికి కురుమూర్తి, “నేనే కొట్టిన,” అన్నాడు. అంతవరకూ ఆయన నోటి నుంచి వచ్చిన మాట అదొక్కటే. జమ్ములమ్మ ఆయన వైపు తిరగలేదు. ఏడవలేదు. అంజమ్మ ముఖమే చూస్తున్నది, పెదాలు కదలడం చూస్తేనే మాట అర్థమవుతుందన్నట్టు.

“నీళ్ళడిగినప్పుడు ఏమన్నడు?” అంది. “ఎట్లన్నడో గట్లనే చెప్పు.”

అంజమ్మ కొంగు నోటి దగ్గర పెట్టుకుని, మళ్ళీ తీసేసింది.

“‘అమ్మా, జర నీళ్ళు కావాలె. బండి ఆగింది. గద్వాలకు పోవాలె, చీకటి పడుతుంది. ఇంటికాడ నా కోసం చూస్తుంటది’ అన్నడు.”

“చూస్తుంటది అన్నడా?”

“అన్నడు. నవ్విండు గూడ. పొద్దుగాల కొట్లాడొచ్చిన, ఆలస్యమైతే ఇంగింత అంటది అన్నడు.”

జమ్ములమ్మ మగ్గం పలక మీద చెయ్యి ఆనించి మెల్లగా కూర్చుంది. వీధిలో ఎవరో ఎవరినో పిలుచుకుంటూ పోయారు. యామిని తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

చివరికి జమ్ములమ్మ కురుమూర్తి వైపు తిరిగింది.

“ఠాణాల గిట్లనే చెప్తవా?”

“చెప్త,” అన్నాడు కురుమూర్తి.

“బాయి నీళ్ళు పోసింది? డబ్బా దాసింది?”

“అన్ని చెప్త.”

జమ్ములమ్మ లేచింది. ముఖం కడుక్కుని, తలుపు వెనక ఉన్న చెప్పులు తొడుక్కుంది. వాకిట్లో ఎదురింటివాళ్ళు అరుగు మీద నుంచి చూస్తున్నారు. ఏడాదిగా వాళ్ళ కళ్ళ ముందు తల వంచుకుని నడిచిన మనిషి, ఇప్పుడు తల ఎత్తి కారు దగ్గరికి పోయింది. యామిని ఆమె కోసం ముందు తలుపు తెరిచింది. జమ్ములమ్మ ఆ సీటు వద్దంది. వెనక తలుపు తానే తీసి, కురుమూర్తిని ముందు కూర్చోమని, అంజమ్మను పక్కకు జరగమని, ఆమెను ఆనుకుని కూర్చుంది.

యామిని ఇంజను స్టార్టు చేసింది. కారు వీధి మలుపు తిరిగింది.

“ఇంగొకపారి చెప్పు,” అంది జమ్ములమ్మ. “ఇంటి సంగతి ఏమన్నడు?”

అంజమ్మ చెప్పింది. జమ్ములమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఠాణా వచ్చేదాకా ఆమె ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.